మా ఒపెరా కచేరీని గట్టెక్కించిన మనవాళ్లందరికీ కృతజ్ఞతలు

శనివారం సాయంత్రం మా ఔత్సాహిక ఒపెరా సొసైటీ కచేరీ బ్రహ్మాండంగా జరిగింది. హాలు నిండింది. జనం నవ్వాల్సిన చోట నవ్వారు, నవ్వక్కర్లేని చోట కూడా ఒకటి రెండు సార్లు నవ్వారు. సొసైటీ తరఫున చెప్పాల్సిన థాంక్స్ ఇంగ్లిష్‌లో ప్రోగ్రామ్ పుస్తకం చివర అచ్చేశాం. కానీ ఇంగ్లండ్‌లోని ఈ చిన్న ఊళ్లో ఉన్న తెలుగువాళ్లు చేసిన సాయమంతా అందులో ‘మిత్రులు’ అన్న ఒక్క మాటలో కలిసిపోయింది. అది నాకు మింగుడు పడలేదు. అందుకే విడిగా రాస్తున్నాను.

రాలేకపోయినవాళ్ల కోసం ముందు విషయం చెప్తాను. ఒపెరా అంటే పాటలతో నడిచే పాశ్చాత్య నాటకం. దాన్ని కచేరీగా చేయడమంటే సెట్లు, వేషాలు, మేకప్ ఉండవు. గాయకులు నల్లబట్టలు వేసుకుని, చేతిలో పుస్తకం పట్టుకుని నిలబడి పాడతారు. మధ్యలో కథ తెగిపోకుండా ఒక వ్యాఖ్యాత ఉంటారు. ఖర్చు బాగా తగ్గుతుంది కాబట్టి మాలాంటి సంఘాలు దీనికి మొగ్గు చూపుతాయి. అయితే నవ్వించే నాటకానికి ఇది గట్టి పరీక్షే. కిందపడి, తన్నుకుని నవ్వించే వీలుండదు, ప్రతి మాటా స్పష్టంగా వినపడాలి. పైగా థియేటర్‌లో అయితే ఆర్కెస్ట్రా కింద గుంటలో ఉంటుంది. మా హాల్లో గాయకుల పక్కనే, అదే ఎత్తులో కూర్చుంది. ట్రాంబోన్ అనే ఇత్తడి బూర ఒక్కటి గట్టిగా ఊదితే చాలు, మాటలు గల్లంతే.

చేసినవి రెండు చిన్న ఒపెరాలు. మొదటిది ‘కాక్స్ అండ్ బాక్స్’. సంగీతం ఆర్థర్ సల్లివన్, మాటలు బర్నాండ్. 1866లో రాసిన ఈ ఒపెరాను 1921లో బాగా కుదించారు, మేం పాడింది ఆ చిన్న రూపమే. ఒక ఇంటి యజమాని ఒకే గదిని ఇద్దరికి అద్దెకిస్తాడు. ఒకడు పగలు పనికెళ్లే టోపీల పనివాడు, ఇంకొకడు రాత్రిళ్లు పనిచేసే ప్రింటర్. ఇద్దరి దగ్గరా అద్దె వసూలు చేస్తూ, ఒకరి సంగతి ఇంకొకరికి తెలియకుండా నడిపిస్తుంటాడు. నైట్ డ్యూటీ, డే డ్యూటీ రూమ్మేట్ల మధ్య బతికిన మన కుర్రాళ్లకి ఈ కథ ఎవరూ విప్పి చెప్పక్కర్లేకపోయింది. ఇందులో పెనం మీది బేకన్ ముక్కకి జోలపాట పాడతారు, అదీ ఎంతో ఆర్ద్రంగా. చివర్లో ఇద్దరూ తప్పిపోయిన అన్నదమ్ములని తేలుతుంది. ఎలాగంటే, ‘నీ చేతి మీద పుట్టుమచ్చ ఉందా’ అని అడిగితే రెండోవాడు లేదంటాడు, అయితే నువ్వే నా తమ్ముడివని వాటేసుకుంటాడు! మన సినిమాలు చూసి పెరిగిన వరసలన్నీ అక్కడ పగలబడి నవ్వాయి. పక్కనున్న ఇంగ్లిష్‌వాళ్లు వీళ్లకెందుకింత నవ్వొచ్చిందా అని తిరిగి చూశారు.

రెండోది ‘ట్రయల్ బై జ్యూరీ’. గిల్బర్ట్ మాటలు, సల్లివన్ సంగీతం. 1875 మార్చి 25న లండన్ రాయల్టీ థియేటర్‌లో మొదటిసారి ఆడింది. మొత్తం నలభై నిమిషాలు కూడా ఉండదు, మధ్యలో ఉత్త మాటలే లేవు, అంతా పాటే. పెళ్లి చేసుకుంటానని మాటిచ్చి తప్పించుకున్న ఎడ్విన్ మీద ఏంజెలీనా నష్టపరిహారం కోసం దావా వేస్తుంది. అతన్ని ఎంతగా ప్రేమించిందో ఆమె పాడుతుంది, నష్టం ఎక్కువని చూపించాలి కదా. నేను తాగుబోతుని, పొగ తాగుతాను, నాతో కాపురం చేసినా ఏం సుఖపడేది కాదని అతను పాడతాడు, నష్టం తక్కువని చూపించాలి కదా. విసిగిపోయిన జడ్జి చివరికి తనే ఆమెను పెళ్లాడతానంటాడు. ఆ జడ్జి కూడా వయసులో ఉండగా ఒక డబ్బున్న లాయరు కూతుర్ని ఆశపెట్టి, పైకొచ్చాక వదిలేసినవాడే. అది మొదట్లోనే తనే పాట పాడి మరీ చెప్పుకుంటాడు! గిల్బర్ట్ కొన్నాళ్లు బారిస్టరుగా పనిచేశాడు, కోర్టు గదిలో నడిచే తంతు మీద ఆ ఎగతాళి ఊరికే వచ్చింది కాదు.

ఇక సాయాల సంగతి.

కచేరీకి రెండు రోజుల ముందు మా జడ్జికి గొంతు పూర్తిగా పోయింది. గుసగుస కూడా రావడం లేదు. ఆ రాత్రి మా కమిటీలో అందరికీ టెన్షన్. అయితే ఈ దేశంలో ఒక సౌలభ్యం ఉంది. గిల్బర్ట్ 1911లో పోయాడు, ఆయన మాటల మీద హక్కులు 1961 చివరిదాకా ఈ ఒపెరాలను ఆడించే డోయ్లీ కార్ట్ అనే కంపెనీ వాళ్ల చేతిలో ఉన్నాయి. అప్పటిదాకా వాళ్ల దగ్గర అనుమతి తీసుకుని, ఆ తర్వాత స్వేచ్ఛగా, ఔత్సాహిక సంఘాలు ఈ ఒపెరాలను తరాలుగా ఆడుతూనే ఉన్నాయి. కాబట్టి చుట్టుపక్కల ఏదో ఒక ఊళ్లో ఆ పాత్ర కంఠతా వచ్చినవాళ్లు ఉండి తీరతారు. మన దగ్గర పద్యనాటకాల రోజుల్లో కృష్ణుడు రాకపోతే పక్క సమాజం కృష్ణుణ్ని పిలిపించినట్టే. అలాగే పొరుగూరి సొసైటీ నుంచి ఒక పెద్దాయన దొరికారు. రాత్రిపూట కారు నడపనన్నారు. ఆయన్ని తీసుకొచ్చి, మళ్లీ ఇంటి దగ్గర దించి వచ్చింది మన హాస్పిటల్లో పనిచేసే డాక్టర్ గారు, నైట్ డ్యూటీ ఇంకొకరితో మార్చుకుని మరీ. డాక్టర్ గారూ, మీరు పాటలు పట్టించుకోరని నాకు తెలుసు. దారి పొడుగునా ఆయన ప్రాక్టీస్ చేస్తుంటే ఓపిగ్గా విన్నారట. ఆ ఓపికకి ప్రత్యేకంగా దండం.

పెద్దాయన పుస్తకం తెరవనేలేదు. జడ్జి పాట అయ్యాక హాలు వెనక నుంచి మనవాళ్లెవరో ‘వన్స్ మోర్’ అని కేకేశారు. నాకు గుండె గుభేలుమంది, కానీ గిల్బర్ట్ సల్లివన్ ఒపెరాల్లోనూ నచ్చిన పాట మళ్లీ పాడించుకోవడం పాత అలవాటే. చేత్తో తాళం చూపిస్తూ ఆర్కెస్ట్రాని, గాయకుల్ని నడిపించే కండక్టర్ నవ్వి చేయెత్తారు, చివరి చరణం మళ్లీ పాడారు. ఆ కేక వేసిందెవరో గానీ వాళ్లకీ కృతజ్ఞతలు.

జ్యూరీలో పన్నెండుమంది మగవాళ్లు ఉండాలి. ఏ సొసైటీలో చూసినా ఆడగొంతులకి కొదవుండదు, టెనార్లు, అంటే పై స్థాయిలో పాడే మగగొంతులు, మాత్రం దొరకరు. నేను బతిమాలితే ఒప్పుకుని వచ్చిన ఇద్దరు తమ్ముళ్లకి స్టాఫ్ నొటేషన్, అంటే గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి, చదవడం రాదు. మా పియానిస్ట్ ఒక్కో గొంతు వరసను విడిగా వాయించి రికార్డు చేసి పంపించారు. అందులో ఒకడు చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్నవాడు, విని సరిగమల్లో రాసుకున్నాడు. అంతవరకు బాగుంది. కానీ స్వరం దొరగ్గానే గమకం వేసేవాడు! పక్కవాళ్లు నిలకడగా పట్టుకున్న చోట ఇతని గొంతు ఊగుతుంటే కండక్టర్ మర్యాదగా దగ్గేవారు. ఎన్నేళ్ల నుంచో ఒంట్లో ఇంకిపోయిన అలవాటుని పక్కన పెట్టి, శనివారం గీత గీసినట్టు పాడాడు. పాడటం రానివాడికి నేర్పడం కంటే అది చాలా కష్టమని నా అభిప్రాయం. తమ్ముడూ, నీ గురువుగారికి ఈ విషయం నేను చెప్పను.

ప్రోగ్రామ్‌లో ఎవరికీ కనపడని పని ఇంకొకటుంది. ఆర్కెస్ట్రా వాళ్ల స్వరపత్రాలు అద్దెకి తెచ్చినవి. వాటి మీద వాయించేవాళ్లు పెన్సిల్‌తో తమ గుర్తులు పెట్టుకుంటారు, తిరిగిచ్చేటప్పుడు అవన్నీ చెరిపి ఇవ్వాలి. ఆదివారం పొద్దున మన పిల్లలు రబ్బర్లు పట్టుకుని కూర్చుని వయొలిన్ల దగ్గర్నుంచి డ్రమ్ముల దాకా మొత్తం తుడిచిపెట్టారు. ఒక పేజీలో ఎవరో బొమ్మ గీశారట, అది తుడపడానికి మాత్రం ఒప్పుకోలేదు. అలాగే పంపేశాం.

అక్కయ్య గారి సంగతి చెప్పకపోతే ఈ రాత పూర్తవదు. ఇండియా నుంచి పిల్లల దగ్గరికొచ్చిన అమ్మానాన్నలు ఎనిమిది మంది వస్తున్నారని తెలిసి, రెండు కథలూ ఒక్క కాగితంలో తెలుగులో రాసి, పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి ఒక్కొక్కరి కుర్చీ మీద పెట్టారు. వ్యాఖ్యానం చెప్పిన రిటైర్డ్ లాయర్ గారు ఇలాంటి పెళ్లి మాట దావాలను ఇంగ్లండ్‌లో 1970 చట్టంతో తీసేశారని వివరించారు. అది కూడా అక్కయ్య ముందే కనుక్కుని కాగితంలో చేర్చారు. విరామంలో టీ దగ్గర ఒక పెద్దావిడ నన్ను పట్టుకుని, ‘ఆ పిల్లకి ఎడ్విన్ పోతే పోయాడు గానీ ఈ ముసలి జడ్జి ఏంటి నాయనా’ అని అడిగారు. అప్పటికి రెండో ఒపెరా ఇంకా మొదలవలేదు. కాగితం చదివి ముందే బాధపడుతున్నారన్నమాట. ఇంతకంటే మంచి ప్రేక్షకురాలు ఎవరుంటారు?

కుర్చీలు వేసినవాళ్లకి, వెనక వరసకి కండక్టర్ కనపడేలా ఎత్తు బల్లలు మోసినవాళ్లకి, గుమ్మం దగ్గర టికెట్లు చూసినవాళ్లకి, కప్పులు కడిగినవాళ్లకి పేరుపేరునా నమస్కారాలు. వాయించడానికి డబ్బు తీసుకోకుండా వచ్చి, మధ్యాహ్నం ఒక్క రిహార్సల్‌తోనే సాయంత్రం వాయించేసిన ఆర్కెస్ట్రా వాళ్లకి ఈ తెలుగు అర్థం కాదు గానీ, నేను ఎదురుగా చెప్పాను.

మా అసలు జడ్జికి గొంతు తిరిగొస్తోంది. హాల్లో స్టీలు టిఫిన్ క్యారియర్ ఒకటి, చిన్నపిల్లల నీలం స్వెటర్ ఒకటి ఉండిపోయాయి, నా దగ్గరున్నాయి, మీవైతే ఫోన్ చేయండి. వచ్చే సీజన్‌కి టెనార్లు ఇంకా కావాలి. గమకాలున్నా ఫర్వాలేదు.