రేవు వేలం పాటలో పడవ బాగు కూడా చేర్చండి: మంత్రి గారికి బహిరంగ లేఖ

రాష్ట్ర మౌలిక వసతులు, పెట్టుబడుల శాఖ మంత్రి గారికి,

అయ్యా, నమస్కారం.

మాది కోనసీమలో ఒక లంక గ్రామం. చుట్టూ గోదావరే. ఆసుపత్రికి వెళ్లాలన్నా, పిల్లలు కాలేజీకి పోవాలన్నా, కొబ్బరికాయల లోడు బయటపడాలన్నా రేవు దాటక తప్పదు. వంతెన వస్తుందని మా నాన్నల కాలం నుంచీ వింటున్నాం. రావాలనే మా కోరిక. అది వచ్చేదాకా మాకు దిక్కు పంటే (మనుషుల్ని, సరుకుల్ని ఏరు దాటించే ఇంజను పడవ) కాబట్టి, ఈ ఉత్తరం పంటు గురించే.

2018 జులై 14న ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర, బడి నుంచి ఇళ్లకు వెళ్తున్న పిల్లలున్న పడవ కడుతున్న వంతెన పునాదికి తగిలి బోల్తా పడింది. మరుసటి ఏడాది సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగితే, దాన్ని బయటికి తీయడానికి 38 రోజులు పట్టింది. ఇలాంటిది జరిగినప్పుడల్లా కొన్నాళ్లు లైఫ్ జాకెట్ల హడావుడి ఉంటుంది. అవి ఉండాల్సిందే, కాదనను. కానీ లైఫ్ జాకెట్ పడవ మునిగాక పనికొచ్చేది. మునగకుండా చూడడం ఎవరి పని? మా రేవులో ఎవర్నడిగినా మరొకరి పేరు చెబుతారు.

దీనికి మూలం వేలం పాటలో ఉంది. రేవును ఏడాదికోసారి వేలం వేస్తారు. పాడుకున్న మనిషి పెట్టిన డబ్బు ఆ ఏడాదిలోనే రాబట్టుకోవాలి. పై ఏడు రేవు తన చేతిలో ఉంటుందన్న నమ్మకం లేదు. అలాంటివాణ్ని పంటు ఆపి, ఒడ్డుకు లాగి, అడుగు చెక్కలు మార్చమంటే ఎందుకు మారుస్తాడు? అతని ఒక్కడి తప్పని నేననను. పాట డబ్బు స్థానిక సంస్థకు జమ అవుతుంది. అందులోంచి పడవ బాగుకు రూపాయి ఖర్చు పెట్టడం మేమైతే చూడలేదు.

వీలైతే ఒకసారి వచ్చి ఇంజను పక్కన నిలబడి చూడండి. షాఫ్ట్ బయటికి వెళ్లే చోట బిగించిన తాడు అరిగిపోయి నీళ్లు లోపలికి ధార కడుతుంటాయి. కళాసీ కుర్రాడు సగానికి కోసిన నూనె డబ్బాతో తోడి పోస్తూనే ఉంటాడు. ఎంత బరువు ఎక్కించొచ్చో చెప్పే గీత రంగు వెలిసిపోయింది. వరద నీటికి గుర్రపుడెక్క కొట్టుకొచ్చి పడవను నెట్టే కింది ఫ్యానుకు చుట్టుకుంటే ఇంజను ఆగిపోతుంది. నడి ఏట్లో ఆగిన పంటును ప్రవాహం ఎటు తోస్తే అటే. పంటు నడిపే సరంగు ఫోన్లో ఛార్జింగ్ ఉంటే ఒడ్డుకు కబురందుతుంది. రాత్రిపూట కాన్పు మనిషిని ఎక్కించుకుని వెళ్లినప్పుడైతే, అవతలి గట్టున 108 దగ్గర ఒకరు, ఇవతలి గట్టున ఇంటిల్లిపాదీ, పంటు ఎక్కడి దాకా వచ్చిందో తెలీక టెన్షన్ పడుతూ నిలబడాలి.

ఆర్టీసీ బస్సు ఎక్కడుందో ఫోన్లో చూసుకుంటున్నాం. సముద్రంలో వేటకెళ్లే పడవలకు, అవి ఎక్కడున్నాయో ఉపగ్రహం ద్వారా తెలిపే ట్రాన్స్‌పాండర్లు లక్ష పెట్టడానికి కేంద్రం 364 కోట్ల పథకం తెచ్చింది. ఒడ్డు కనిపించే ఏట్లో తిరిగే మా పంటుకు అంత ఖరీదైన పరికరం అక్కర్లేదు. సిమ్ కార్డుతో నడిచే మామూలు జీపీఎస్ ట్రాకర్ చాలు.

ట్రాకర్ ప్రమాదం జరిగినప్పుడే పనికొస్తుందనుకోవద్దు. రోజూ ఇంజను ఎన్ని గంటలు తిరిగిందో అందులో తెలుస్తుంది. ఆయిల్ ఎప్పుడు మార్చాలో, తాడు ఎప్పుడు బిగించాలో ఆ గంటల్ని బట్టి చెప్పొచ్చు. నిన్న పది నిమిషాల్లో దాటిన ఏరు, అదే నీటి మట్టంలో ఇవాళ ఇరవై నిమిషాలు పడితే ఇంజన్లోనో ఫ్యానులోనో ఏదో తేడా ఉన్నట్టే. ఆ తేడా ముందు రోజే పట్టుకుంటే నడి ఏట్లో ఆగే పరిస్థితి చాలావరకు తప్పుతుంది. ధవళేశ్వరం దగ్గర నీరు 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చాక, ఏ రేవులో పంటు కట్టేశారో, ఎక్కడ ఇంకా జనాన్ని ఎక్కిస్తున్నారో తహసీల్దారు ఆఫీసులో కూర్చునే చూడొచ్చు.

1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2021 అంతర్దేశీయ నౌకల చట్టం ప్రకారం ఇంజనుతో నడిచే పడవకు రిజిస్ట్రేషన్, పడవను తనిఖీ చేసి ఇచ్చే సర్వే సర్టిఫికెట్ ఉండాలి. మంచిదే. కానీ సర్టిఫికెట్ ఇచ్చిన రోజు బాగున్న పడవ, ఒక వరద సీజను దాటాక ఎలా ఉందో ఆ కాగితం చెప్పదు కదా.

అందుకే మేం అడిగేది పాట షరతులు మార్చమని. రేవును మూడేళ్లకు ఇవ్వండి, అప్పుడు పాడుకున్నవాడికి పడవ మీద ఖర్చు పెట్టే ధైర్యం వస్తుంది. పాట డబ్బులో కొంత భాగం ఆ రేవు పడవలకే విడిగా ఉంచండి. ట్రాకర్ లేని పంటును రేవులో దించనివ్వకండి, పంటు ఎక్కడుందో చూపే తెర గ్రామ సచివాలయంలో అందరికీ కనపడేలా పెట్టించండి. వేసవిలో నీళ్లు తగ్గినప్పుడు, వరదలు రాకముందే, ప్రతి పంటునూ ఒడ్డుకెక్కించి అడుగు చూసి, ఏం మార్చారో పుస్తకంలో రాసి సంతకం చేయించండి. ఆ పుస్తకం మేం అడిగితే చూపించాలి. పంటు ఒడ్డున ఉన్నన్నాళ్లు బదులు పడవ ఇప్పించడం మరవొద్దు. లేకపోతే బాగుచేయించమని అడిగిన మేమే, త్వరగా దించమని గొడవ చేస్తాం.

వచ్చే ఏటి పాటకు నోటీసులు వెళ్లేలోపే మీ శాఖ, పంచాయతీరాజ్ శాఖ కలిసి దీనిపై ఉత్తర్వులివ్వాలని మా లంకల తరఫున వేడుకుంటున్నాను.

ఇట్లు,
కోనసీమ లంక గ్రామస్థుడు