పత్తర్‌గట్టి కమానులకు సిమెంటు వద్దు: కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన నగర పాలక సంస్థ కమిషనర్ గారికి,

1908 మూసీ వరద హైదరాబాద్‌ను ముంచేసింది. ఆ తర్వాత 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి, ఏడో నిజాం హయాంలో కట్టించిన బజారు పత్తర్‌గట్టి. మదీనా నుంచి మచిలీ కమాన్ వైపు రోడ్డుకు రెండు పక్కలా గ్రానైట్ కమానులు, వెనుక నీడన నడిచే వరండా, లోపల దుకాణాలు. పెళ్లి బట్టలు కొనేవాళ్లకు ఎండా వానా తగలని ఇలాంటి ఏర్పాటు ఇప్పటి మార్కెట్లలోనూ అరుదే.

మరమ్మతు అనగానే సిమెంటు బస్తా విప్పడమే అసలు ప్రమాదం. పాత గోడలోకి దిగిన వాన నీరు రాళ్ల సందుల్లోని సున్నం గుండా ఆరిపోవాలి. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. తేమ లోపలే నిలిచి, ఉప్పు పేరుకుని, రాయి అంచులు పెచ్చులుగా రాలతాయి.

రాళ్ల సందులోని పాత పూతను చేతి ఉలితోనే, సందు వెడల్పుకు కనీసం రెండింతల లోతు తీయించండి. కటింగ్ మిషన్ పెడితే రాయి అంచు తెగిపోతుంది, మళ్లీ రాదు. దుమ్ము దులిపి, తడిపి, బాగా మగ్గిన సున్నం ఒక పాలు, జల్లించిన ఇసుక మూడు పాళ్లు కలిపి పొరలుపొరలుగా కూరాలి. తడి గోనెపట్టాలు కనీసం వారం కప్పి ఉంచాలి. మండుటెండలో ఆరితే సున్నం పొడిపొడిగా రాలిపోతుంది. రాతికి రంగు, శుభ్రం చేసే పేరుతో ఇసుక పిచికారీ రెండూ వద్దు.

దుకాణాల బోర్డులను బిగించే ఇనుప బోల్టులు తుప్పు పట్టి ఉబ్బి రాతిని చీలుస్తాయి. స్టెయిన్‌లెస్ స్టీలువి, అదీ సందుల్లోనే బిగించేలా టెండర్ షరతుల్లో రాయించండి. ముందు ఒక్క కమానుకు చేయించి, ఒక వానాకాలం చూశాకే మిగతావాటి బిల్లు పాస్ చేయండి.

ఇట్లు,
పాత కట్టడాల మరమ్మతు తెలిసిన నగరవాసులు