గూడు కోల్పోతున్న నడివయసు కార్మికులు

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్ బాలానగర్ పారిశ్రామికవాడలో ఏళ్ల తరబడి లేత్ మిషన్ మీద పనిచేసిన ఒక కార్మికుడు ఇప్పుడు రాత్రిళ్లు మూసిన దుకాణాల అరుగుల మీద పడుకుంటున్నాడు. వయసు యాభై దాటలేదు, తాగుడు అలవాటూ లేదు. షెడ్డు మూతపడ్డాక గది అడ్వాన్సు అద్దె బకాయి కింద చెల్లిపోయింది, సామాను పాత ఇనుము కొట్టుకు వెళ్లింది, చివరకు గదీ పోయింది. కొలతలు తీసే వెర్నియర్ కాలిపర్‌ను మాత్రం నూనె గుడ్డలో చుట్టి సంచిలో దాచుకున్నాడు.

ఈ జారుడులో చాలామంది గమనించని మలుపు ఫోన్ నంబరు. రీఛార్జి చేయించలేక సిమ్ రద్దయితే ఆధార్‌కు ముడిపడిన ఓటీపీ రాదు. అది రాకపోతే భవిష్యనిధి (పీఎఫ్)లో ఉన్న తన సొమ్మునే ఆన్‌లైన్‌లో అడగలేడు. పనికి పిలవదలచిన మేస్త్రీకీ దొరకడు. తెలంగాణలో వృద్ధాప్య పింఛనుకు 57 ఏళ్లు నిండాలి కనుక, పని ఇచ్చేవారికి వయసు మీరినవాడిగా, ప్రభుత్వానికి వయసు చాలనివాడిగా మిగిలిపోతాడు.

2011 జనగణన దేశంలో 17 లక్షలకు పైగా నిరాశ్రయులను లెక్కించింది. లక్ష పట్టణ జనాభాకు ఒక ఆశ్రయం ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే నిర్దేశించింది. ఆశ్రయమంటే చాప, దుప్పటి మాత్రమే అనుకోవడం పొరపాటని నా గట్టి నమ్మకం. పాత నంబరు పునరుద్ధరణకు, భవిష్యనిధి దరఖాస్తుకు తోడ్పడే ఉద్యోగిని వారానికి ఒక రోజైనా ప్రతి ఆశ్రయంలో కూర్చోబెట్టాలని, కార్మిక శాఖ మూతపడిన యూనిట్ల జాబితాను నగరపాలక సంస్థకు ఎప్పటికప్పుడు అందజేయాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, హైదరాబాద్