పక్షి చిత్రాల పక్కన విమర్శకూ చోటివ్వండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో పాఠకులు పంపే పక్షుల ఫొటోలను నేను క్రమం తప్పకుండా చూస్తాను. సముద్రపు ఒడ్డున, బురద నేలల్లో మేత వెతుక్కునే పిట్టలకు ఈమధ్య అందులో మంచి చోటు దక్కుతున్నందుకు సంతోషం. అయితే ప్రతి చిత్రం కిందా ‘అద్భుతం’, ‘కనువిందు’ అన్న మాటలే తప్ప, అది ఎక్కడ కుదిరిందో, ఎక్కడ చెడిందో చెప్పే వాక్యం ఒక్కటీ కనబడదు. తీసినవారికి గానీ, చూసి నేర్చుకోవాలనుకునేవారికి గానీ ఆ పొగడ్త వల్ల ఒరిగేదేమీ లేదు.

ఇటీవల అచ్చయిన శాండర్లింగ్ చిత్రాన్నే తీసుకుందాం. వెనక్కి తగ్గుతున్న అల వెంట పరుగెత్తే ఆ చిన్న పిట్టను నేలకు ఆనుకొని, దాని కంటి ఎత్తు నుంచి తీశారు. ఆ ఓపికను మెచ్చుకోవలసిందే. కానీ రొమ్ము మీద ఈకల గీతలన్నీ పోయి వట్టి కాగితపు తెలుపు మిగిలింది. రెక్క అంచు వెంబడి సన్నని తెల్లటి గీత కనిపిస్తోంది, అంటే షార్పెనింగ్ (ఎడిటింగ్‌లో అంచులకు పదును పెట్టడం) మోతాదు మించిందన్నమాట. నాయిస్‌ను, అంటే చిత్రంలో ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కలను, తగ్గించే సాఫ్ట్‌వేర్‌ను గట్టిగా వాడినందువల్ల వీపు మైనపు బొమ్మలా నున్నబడింది. వీటన్నిటికంటే పెద్ద లోపం, క్రాప్ చేసేటప్పుడు పాదాలు తెగిపోవడం. శాండర్లింగ్‌కు వెనుక వేలు ఉండదు. దాన్ని పోలిన ఇతర చిన్న ఉల్లంకి పిట్టల నుంచి వేరుగా గుర్తించడానికి పనికొచ్చే ఆనవాళ్లలో అది ఒకటి. చిత్రాన్ని అందంగా చేయబోయి, పిట్ట ఎవరో చెప్పే ఆధారాన్నే కత్తిరించేశారు.

ఈ లోపాల్లో కెమెరా దగ్గర జరిగినవేవి, ఎడిటింగ్‌లో జరిగినవేవి అని విడదీసి చెప్పడమే విమర్శకుడు చేయవలసిన మొదటి పని. కెమెరా మీటరు తన ముందున్న దృశ్యాన్నంతా మధ్యస్థమైన వెలుగుకు తేవాలని చూస్తుంది కాబట్టి, నల్లని తడి బురద మీద నిలబడిన తెల్లని పక్షి మితిమీరిన వెలుగులో పడుతుంది. మెరిసే నీటి ముందు నిలబడిన అదే పక్షి నల్లబడుతుంది. 14 బిట్ల రా ఫైల్ (కెమెరా పట్టుకున్న వెలుగును దిద్దకుండా దాచే ఫైల్) ఒక్కో రంగులో 16,384 మెట్ల వెలుగును దాచుకోగలిగితే, జేపెగ్ 256 మెట్లే దాచుకుంటుంది. అందుకే రా ఫైల్ ఉంటే నీడల్లోని వివరాన్ని చాలావరకు పైకి తేవచ్చు. కానీ మూడు రంగుల్లోనూ హద్దు దాటి పోయిన తెలుపును ఏ స్లైడరూ వెనక్కి తేలేదు. అక్కడ ఇవ్వదగిన సలహా ఒక్కటే: ఈసారి హిస్టోగ్రామ్ (చిత్రంలోని వెలుగునీడల పంపకాన్ని చూపే గ్రాఫు) కుడి అంచును, అంటే బాగా వెలుగున్న వైపును, చూసుకుంటూ ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించి తీయండి అని. అసలు ఫ్రేమును చూడకుండా ఈ తేడా ఎవరూ కచ్చితంగా చెప్పలేరు.

సందర్భం వచ్చింది కనుక మీ వైపు మాట కూడా ఒకటి. న్యూస్‌ప్రింట్ సిరాను పీల్చుకుంటుంది, చుక్కలు విచ్చుకొని ముదురు రంగులు మరింత చిక్కబడతాయి. తెర మీద చక్కగా ఉన్న బురద నేల అచ్చులో మసిగుడ్డలా తయారవడానికి ఫొటోగ్రాఫర్ బాధ్యుడు కాకపోవచ్చు. అచ్చు సైజు ముందే తెలియజేస్తే, షార్పెనింగ్‌ను, నీడలను ఆ సైజుకు తగినట్టు చివరగా సరిచేసి పంపగలుగుతారు.

చెరిపివేతల సంగతి వేరు. పక్షి కాలికి ఉన్న రంగు పట్టీ చూడటానికి బాగాలేదని క్లోన్ టూల్‌తో తుడిచేసేవారు ఉన్నారు. తూర్పు ఆసియా, ఆస్ట్రేలియా వలస మార్గంలో ఆ పట్టీల రంగుల కూర్పును బట్టే పక్షికి ఎక్కడ గుర్తు వేశారో తెలుస్తుంది. 2022లో ఒక చిన్న వయసు బార్‌టెయిల్డ్ గాడ్‌విట్ అలాస్కా నుంచి టాస్మేనియాకు 11 రోజుల్లో సుమారు 13,560 కిలోమీటర్లు ఆగకుండా ఎగిరిందని లోకానికి తెలిసింది దాని ఒంటి మీది ఉపగ్రహ ట్యాగ్ వల్లనే. అలాంటి ట్యాగును మచ్చగా భావించి తుడిచేసే చిత్రానికి బహుమతి ఇవ్వడం నాకు సమ్మతం కాదు. లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియం నిర్వహించే వన్యప్రాణి ఛాయాచిత్రాల పోటీలో చిత్రానికి ఏదైనా చేర్చడాన్నీ, అందులోంచి ఏదైనా తీసేయడాన్నీ అనుమతించరు. తుది వడపోతకు చేరినవారిని అసలు ఫైళ్లు అడుగుతారు. ఒడ్డున పడి ఉన్న ప్లాస్టిక్ సీసాకూ ఇదే వర్తిస్తుందని నా అభిప్రాయం: కంటికి ఇబ్బందిగా ఉంటే తీసేటప్పుడే పక్కకు జరిగి తీయాలి గానీ, తీశాక చెరపకూడదు.

విమర్శకులకూ ఒక రోగం ఉంది. వెనుక దృశ్యమంతా మసకబారి, పక్షి ఫ్రేమును నింపితేనే మంచి చిత్రమని తీర్పు చెబుతారు. విశాలమైన బురద నేలలో ఒక మూల చిన్నగా కనిపించే ప్లవర్ పిట్ట తన బతుకు గురించి ఇంకా ఎక్కువ చెప్పవచ్చు. అలాగే గుంపు ఒక్కసారిగా లేచిన చిత్రం వచ్చినప్పుడు, రెక్కల అమరికను పొగడడానికి ముందు అవి ఎందుకు లేచాయని అడగాలి. సముద్రపు పోటు సమయంలో ఒడ్డుకు చేరి విశ్రమించే పిట్టలను చిత్రం కోసం లేపితే, వలసకు కూడబెట్టుకున్న శక్తి అక్కడే ఖర్చవుతుంది.

కాబట్టి నా విన్నపం ఇది. వారానికి ఒక్క చిత్రాన్నైనా, పంపినవారి అనుమతితో, ఎడిట్ చేయని అసలు ఫ్రేముతో పక్కపక్కన అచ్చువేయండి. ఏమేమి మార్చారో తీసినవారి చేతే రాయించండి. ఆపైన ఫొటోగ్రఫీ తెలిసినవారితో ఒకటి, పక్షులను గుర్తించగలవారితో ఒకటి, రెండు చిన్న అభిప్రాయాలు ఇప్పించండి. ఇందుకు చోటు చాలకపోతే చిత్రాల సంఖ్య సగానికి తగ్గించినా నాలాంటి పాఠకులకు అభ్యంతరం ఉండదు.

ఇట్లు,
మీ పాఠకుడు