‘కలఁడో లేఁడో’: నాన్నగారికి ఒక ఉత్తరం

మెల్‌బోర్న్

పూజ్యులైన నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. మీ మోకాలి నొప్పి తగ్గిందని తమ్ముడు చెప్పగా విని స్థిమితపడ్డాను. ఈ సంగతి ఫోనులో చెబితే సగంలోనే తెగిపోతుందని ఉత్తరం రాస్తున్నాను. ఇక్కడి తెలుగువాళ్లం కొందరం నెలకొక ఆదివారం ఎవరో ఒకరి ఇంట్లో చేరి పద్యాలు చదువుకుంటామని మీకు తెలుసు. ఈసారి వంతు నాది కావడంతో, మీరు మా చేత వల్లె వేయించిన, పోతన భాగవతంలోని గజేంద్రమోక్షం కందాన్ని తీసుకున్నాను:

కలఁ డందురు దీనుల యెడఁ
గలఁ డందురు పరమయోగి గణముల పాలం
గలఁ డందు రన్ని దిశలను
గలఁడు కలండనెడువాఁడు గలఁడో లేఁడో?

అది చాలామందికి నోటికి వచ్చిన పద్యమే. అయినా ఆ చివరి పాదం దగ్గర ఏ ఇద్దరూ ఏకాభిప్రాయానికి రాలేదు. మనవలను చూసుకోవడానికి రాజమండ్రి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, ఇందులో సందేహమే లేదనీ, ఇది ఉత్త నిష్ఠూరమనీ అన్నారు. రావలసిన వేళకు అయినవాడు రాకపోతే ‘అసలు ఉన్నాడా, పోయాడా’ అని అనమా, ఆ మాట పరాయివాణ్ణి ఎవరైనా అంటారా అని ఆవిడ ప్రశ్న. ఆస్పత్రిలో నర్సుగా రాత్రి డ్యూటీలు చేసే కుర్రవాడు దానికి ఒప్పుకోలేదు. నిష్ఠూరమాడగలిగినవాడికి ఇంకా కొంత సత్తువ మిగిలి ఉన్నట్టేననీ, వేయేళ్లు మొసలితో పెనుగులాడి డస్సిపోయిన ఏనుగుకు కలిగినది నిజమైన సందేహమేననీ, తెల్లవారుజామున మంచాల పక్కన తాను వినే మాటలు అచ్చం ఇలాగే ఉంటాయనీ చెప్పాడు. అతని పక్షాన నేనొక మాట చేర్చాను: సంస్కృత భాగవతంలోని గజేంద్రుడు మనస్సును నిలుపుకొని, పూర్వజన్మలో నేర్చిన స్తోత్రాన్ని జపిస్తాడే తప్ప, ఉన్నాడో లేడో అని ఇలా తడబడడు; ఆ తడబాటు పోతన గజేంద్రుడిదే.

పద్యాన్ని దాని పక్క పద్యం నుంచి విడదీయకూడదని మీరు అనేవారు కదా. అందుకని వెంటనే వచ్చే సీసాన్ని కూడా చదివాను: ‘కలుగఁడే నాపాలి కలిమి సందేహింపఁ గలిమిలేములు లేకఁ గలుగువాఁడు.’ కలిమిలేములనే భేదం లేనివాడు నా పాలిట లేకుండా ఉంటాడా అని అందులోని ప్రశ్న. దీనితో వాదం తేలుతుందేమోనని అందరూ చూశారు. పెద్దావిడ, చూశారా, అన్నీ దెప్పిపొడుపులే అన్నారు. కుర్రవాడు, సందేహపడ్డవాడే తనకు తాను ఇంతగా నచ్చజెప్పుకోవలసి వస్తుందన్నాడు. ఒకే సీసం ఇద్దరికీ సాక్ష్యం చెప్పింది.

అంతమాత్రాన ఎవరికి తోచింది వారు చెప్పవచ్చునని నేననను. మొసలి అంటే ఇంటి అప్పని ఒకాయన సెలవిచ్చారు. నవ్వాము, నెలనెలా కంతులు కట్టేవాళ్లం గనుక కాస్త ఎక్కువగానే నవ్వాము. కానీ పోతన ఆ మొసలికి ఒక పూర్వకథ ఇచ్చాడు: దేవలుని శాపం పొందిన హూహూ అనే గంధర్వుడది, విష్ణుచక్రం తగలగానే దానికీ విముక్తి కలుగుతుంది. ఆ కథకు చోటు లేని అర్థం ఎంత చమత్కారంగా ఉన్నా పద్యానికి చెందదు.

చదివే తీరులో కూడా అర్థం మారిపోతుందని ఆ రోజు స్పష్టంగా గమనించాను. మీరు ‘గలఁడో’ దగ్గర గొంతు పెంచి, ‘లేఁడో’ను దాదాపు మింగేసేవారు. అక్కడొకాయన నాటకాల ఫక్కీలో ‘లేఁడో’ను రాగంతో సాగదీసేసరికి అది మరో పద్యంలా వినిపించింది. కందానికి గణాలూ ప్రాసా ఉన్నాయి గాని ఊనిక ఎక్కడ పెట్టాలో ఎవరూ నియమించలేదు.

అన్నిటికన్నా నా మనసులో నిలిచింది, ఇంట్లో ఉర్దూ మాట్లాడుకునే కర్నూలు మిత్రుడి మాట. బడిలో ఈ పద్యం చదివినప్పుడు తనకు ఏ ఇబ్బందీ కలగలేదనీ, ఇందులో ఎవరి పేరూ లేదు గనుక తన మొరగానే అప్పజెప్పాననీ ఆయన అన్నారు. అప్పుడు నాకు ఆ తర్వాత కొంత దూరంలో వచ్చే పద్యం తట్టింది: ‘విశ్వమయత లేమి వినియు నూరక యుండి రంబుజాసనాదు లడ్డపడక.’ బ్రహ్మాదులూ ఆ మొర విన్నారు. తాము విశ్వమయులు, అంటే విశ్వమంతా నిండినవారు, కారు గనుక అది తమను కాదనుకొని ఊరకున్నారు. విష్ణువు మాత్రం తనను పిలిచినట్టే భావించి కదిలాడు. ఒకే మాటను విన్నవారిలో ఎవరికి ఎలా అర్థమైందో పోతన కథలోనే చూపించాడు. మా గదిలో వచ్చిన భేదాలు పద్యంలోని లోపం వల్ల వచ్చినవి కావనీ, పిలుపును కవి కావాలనే తెరిచి ఉంచాడనీ నా నమ్మకం. మీరు ఒప్పుకుంటారో లేదో తెలియజేయండి. పెద్దావిడ మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.

వచ్చే నెల ‘లోకంబులు లోకేశులు’ చదవాలనుకుంటున్నాము. మీ భాగవతం ప్రతిలో ఆ పద్యం పక్కన పెన్సిలుతో ఏదో రాసుకున్నట్టు గుర్తు. ఆ పుట ఫోటో తీసి తమ్ముడి చేత పంపించండి. అక్షరాలు చెరిగిపోయి ఉంటే మీరే చదివి వినిపించండి. అమ్మకు నా నమస్కారాలు.

ఇట్లు
మీ కుమార్తె