ర్యామ్ పెంచితే స్టాక్ పెరగదు

సంపాదకులకు నమస్కారం.

లిస్ప్ భాషలో రాసిన ప్రోగ్రామ్ ‘కంట్రోల్ స్టాక్ ఎగ్జాస్టెడ్’ (స్టాక్ నిండిపోయింది) అంటూ ఆగిపోతే ర్యామ్ పెంచుకోవాలని మీ సాంకేతిక పేజీలో వచ్చిన వ్యాసం చెప్పింది. ఆ మాట నమ్మితే డబ్బు ఖర్చవుతుంది, ప్రోగ్రామ్ మాత్రం అక్కడే ఆగుతుంది. లిస్ప్ ప్రోగ్రాములను కంపైల్ చేసి నడిపే స్టీల్ బ్యాంక్ కామన్ లిస్ప్ (ఎస్‌బీసీఎల్) సంగతే చూడండి.

ఇందులో ఒక్కో థ్రెడ్‌కు (ప్రోగ్రామ్‌లో విడిగా నడిచే ఒక్కో పని వరుసకు) కంట్రోల్ స్టాక్ మామూలుగా 2 మెగాబైట్లే. మెషీన్‌లో 64 జీబీ ర్యామ్ ఉన్నా అంతే. ఇంకా పూర్తికాని ఒక్కో ఫంక్షన్ కాల్ వివరాలుండే ఫ్రేములు అందులో పేరుకుంటాయి. లిస్టులు, స్ట్రింగులు సాధారణంగా హీప్ అనే వేరే మెమరీ భాగంలో ఉంటాయి. హీప్ నిండితే వచ్చే సందేశమే వేరు, ‘హీప్ ఎగ్జాస్టెడ్’ అని.

స్టాక్ చివర గార్డ్ పేజీ అనే, తాకకూడని మెమరీ ముక్క ఒకటి కాపలా ఉంటుంది. రికర్షన్ (ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం) దాన్ని తాకగానే రన్‌టైమ్ (ప్రోగ్రామ్‌ను నడిపే ఎస్‌బీసీఎల్ భాగం) ఆ పేజీ రక్షణ తీసేసి, దొరికిన కాస్త చోటులోనే కండిషన్ (ప్రోగ్రామ్‌కు ఇచ్చే సమస్య సంకేతం) లేవనెత్తుతుంది. ఫ్రేములు తగ్గి స్టాక్ వెనక్కి వచ్చాక రక్షణ తిరిగి పెడుతుంది. ఈలోపు ఆ సంకేతాన్ని అందుకునే కోడ్, అంటే హ్యాండ్లరే మళ్లీ లోతుకు దిగితే అవతల ఇంకో గార్డ్ పేజీ ఉంది. అది తగిలితే ప్రాసెస్ మొత్తం పడిపోతుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే. ఈ సంకేతం ‘స్టోరేజ్-కండిషన్’ అనే వేరే రకం కాబట్టి ‘ఎర్రర్’ కోసం రాసిన హ్యాండ్లర్‌కు చిక్కదు. పైగా ప్రోగ్రామ్ ఫైలును ‘--script’ ఆప్షన్‌తో నడిపితే, ఇలాంటి ప్రమాదం కనిపించగానే ప్రాసెస్‌ను ఆపేసే ‘--lose-on-corruption’ కూడా దానంతటదే అమల్లోకి వస్తుంది. అప్పుడు ఏ హ్యాండ్లర్ రాసినా లాభం లేదు, గార్డ్ పేజీ తాకగానే ప్రాసెస్ ముగుస్తుంది. టెర్మినల్లో బాగా నడిచిన కోడ్ సర్వర్‌లో చచ్చిపోతుంటే ముందు చూడాల్సింది ఇదే.

మొదట కోడ్ చూడాలి. డీబగ్ విలువ (తప్పులు వెతకడానికి కంపైలర్ ఎంత సమాచారం ఉంచాలో చెప్పే అంకె) 3 పెట్టి కంపైల్ చేస్తే టెయిల్ కాల్స్ (ఫంక్షన్ తన చివరి పనిగా చేసే కాల్స్) పాత ఫ్రేములో కలిసిపోవు, ప్రతి కాల్‌కూ ఫ్రేము మిగులుతుంది. దాన్ని 1కి దించితే చాలాసార్లు సమస్య తీరిపోతుంది. నిజంగానే లోతైన చెట్టును నడవాల్సి వస్తే, చూడాల్సిన నోడ్లను ఒక లిస్టులో పెట్టుకుని లూప్‌తో నడవడం మేలు. అదీ కుదరకపోతేనే ఎస్‌బీసీఎల్‌ను మొదలుపెట్టేటప్పుడు ‘--control-stack-size 16’ ఇవ్వాలి, అంకె మెగాబైట్లలో. దీన్ని ‘--load’, ‘--eval’ ఆప్షన్ల కంటే ముందే రాయాలి. కొత్తగా పుట్టే ప్రతి థ్రెడ్‌కూ ఇదే పరిమాణం వర్తిస్తుంది కనుక వందల థ్రెడ్లున్న చోట లెక్క వేసుకోవాలి. ఇమేజ్ (నడుస్తున్న లిస్ప్ స్థితిని దాచిన ఫైలు) సేవ్ చేసేటప్పుడు ‘:save-runtime-options’ ఇవ్వకపోతే ఈ సైజు అందులోకి వెళ్లదు.

హీప్ నిండినప్పుడు వాడాల్సింది ‘--dynamic-space-size’. అక్కర్లేని డేటాను ఏరివేసేటప్పుడు (గార్బేజ్ కలెక్షన్) ఇంకా వాడుకలో ఉన్న డేటాను గార్బేజ్ కలెక్టర్ కొత్త చోటికి కాపీ చేస్తుంది. అందుకే డేటాకు సరిగ్గా సరిపడినంత హీప్ ఇస్తే కలెక్షన్ మధ్యలోనే హీప్ నిండిపోవచ్చు.

ఆ వ్యాసం చదివి ర్యామ్ కొనబోయే విద్యార్థుల కోసమైనా వచ్చే సంచికలో సవరణ వేయగలరు.

ఇట్లు,
ఒక పాఠకుడు, హైదరాబాద్