మా దగ్గర ర్యామ్ వేయించుకున్నవాళ్లకు ఒక ముఖ్యమైన విషయం

గత రెండు నెలల్లో మా దగ్గర కంప్యూటర్‌కు ర్యామ్ (పని జరుగుతున్నప్పుడు డేటాను ఉంచుకునే మెమరీ) వేయించుకున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఆ ర్యామ్‌లో ఒక లాట్ పాడైనది. మిగతావాళ్లు కంగారు పడక్కర్లేదు.

మొదట వచ్చింది ఒక టీచర్ గారి ఇంటి కంప్యూటర్. స్టార్ట్ మెనూ తెరుచుకోదు, అప్‌డేట్లు సగంలో ఆగిపోతాయి, రోజూ బ్లూ స్క్రీన్. విండోస్ తన ఫైళ్లను తానే సరిచూసుకునే ఎస్ఎఫ్‌సీ స్కాన్ నడిపితే పాడైన సిస్టమ్ ఫైళ్లు దొరికాయి, బాగయ్యాయి కూడా. రెండు రోజులకే మళ్లీ అదే గొడవ. ఎస్ఎఫ్‌సీ మంచి కాపీలు తెచ్చుకునే చోటే చెడిందేమోనని డిస్మ్ అనే మరో విండోస్ టూల్‌తో దాన్నీ సరిచేశాను. చివరికి ఫార్మాట్ చేసి విండోస్ కొత్తగా వేశాను, అదీ రెండుసార్లు. నాలుగో రోజు ఆయన మళ్లీ వచ్చారు. ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా ఇంత బాధపడేవాణ్ని కాదు.

అప్పుడు ఒక పెద్ద ఫైలు తీసుకుని దాని ఎస్‌హెచ్ఏ-256 హ్యాష్ (ఫైలులోని డేటాను బట్టి లెక్కగట్టే వేలిముద్ర లాంటిది) మూడుసార్లు చూశాను. ఫైలు మారలేదు కాబట్టి ఒకే జవాబు రావాలి. మూడూ వేర్వేరుగా వచ్చాయి. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 రాత్రంతా నడిపితే మొదటి రౌండ్ బాగానే గడిచింది, రెండో దాంట్లో ఎర్రర్లు. మేం వేసిన కొత్త ర్యామే కారణం. ఒక్క బిట్ (డేటాలో అతి చిన్న ముక్క, 0 లేదా 1) తారుమారైనా చాలు, ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడే ఫైలు చెడిపోయి డిస్క్‌లోకి చేరుతుంది.

సప్లయర్‌కు ఫోన్ చేస్తే "మీ పెన్‌డ్రైవ్‌లో తేడా ఉంది, విండోస్ సరిగ్గా వేసుకోండి" అన్నాడు. 14 ఏళ్లుగా ఇదే పని చేస్తున్నవాడితో అనే మాటా అది! అదే పెన్‌డ్రైవ్‌తో వేరే కంప్యూటర్‌లో విండోస్ వేసి చూపించాను. ర్యామ్ ముక్కల్ని ఒక్కొక్కటిగా రెండు మదర్‌బోర్డుల మీద పరీక్షించి వీడియో పంపాను. అప్పుడు గానీ "సరే, పంపండి" అనలేదు. ఆయన మార్చి ఇచ్చినా ఆ సరుకు మీ కంప్యూటర్లలో పెట్టను. పంతం అనుకున్నా సరే.

ఆ లాట్‌లో 11 ముక్కలు మీ ఇళ్లకు వెళ్లాయి. ఫిర్యాదు చేసింది ముగ్గురే. మిగతా ఎనిమిది మందికి చెప్పాలా, సమస్య వస్తే చూద్దామా అని మూడు రోజులు నలిగిపోయాను. చెబితే నమ్మకం పోతుందని భయం. కానీ పాడైన ర్యామ్ మీదుగా కాపీ అయిన ఫోటో కూడా చడీచప్పుడు లేకుండా చెడిపోవచ్చు. ఫోన్‌లోంచి అసలుది తీసేశాక ఆ సంగతి తెలిస్తే నేనేం జవాబు చెప్పగలను? అందుకే అందరికీ చెబుతున్నాను.

దయచేసి ఆ కంప్యూటర్ వాడటం ఆపండి. పాత బ్యాకప్ మీద కొత్తది ఎక్కించకండి, ఫోన్లో, కెమెరాలో ఉన్నవి చెరపకండి. బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకు విండోస్ వేసే తాళం) ఉంటే 48 అంకెల రికవరీ కీ వెంట తెచ్చుకోండి. ముందు ర్యామ్ మార్చి, డేటా భద్రం చేసి, ఆ తర్వాతే విండోస్ ముట్టుకుంటాను. దేనికీ డబ్బు తీసుకోను.

టీచర్ గారూ, రెండుసార్లు విండోస్ వేసినందుకు మీరిచ్చిన డబ్బు కవర్లో పెట్టి ఉంచాను. ఈసారి వద్దనకండి.